ధ్వనిఫలకముపై లిపి: ఆరు బిట్ల చరిత్ర

(నాదయంత్రముల కథ – తొమ్మిదవ భాగము)

గడచిన సంచికలో కాంపాక్ట్ డిస్కుపై గల సూక్ష్మమైన గుంటలను గూర్చియు, వానిపై పడి మరలివచ్చు లేజరు వెలుగులోని హెచ్చుతగ్గులు అంకెలుగను, ఆ అంకెలు తిరిగి పాటగను మారు విధమును గూర్చియు చెప్పుకొంటిమి. సంగీతము తప్ప మరేమియు లేనట్లు కనబడు ఆ ఫలకములోనే, సంగీతముతో కలిసి, అదే సర్పిలరేఖపై, అదే కిరణమునకు అందునట్లు మరియొక సన్నని ప్రవాహము నడచుచుండునని, అందులో పాటల పేర్లు, పాడినవారి పేర్లు, సాహిత్యపంక్తులు, రంగుల బొమ్మలు సైతము నిలుపవచ్చునని ఆ డిస్కులను ఇరువదియేండ్లు వాడినవారిలో కూడ చాలమందికి తెలియదు. ఈ భాగమున ఆ ప్రవాహము ఎట్లు పుట్టెనో, దానిని ఎవరెవరు ఏయే పనులకు వాడుకొనిరో, అది తెలుగు అక్షరమునకు ఎంతవరకు చోటిచ్చెనో, ఎచ్చట నిరాకరించెనో చూతము.

నెదర్లాండ్సులోని ఐండ్‌హోవెన్ నగరమున ఫిలిప్స్ సంస్థవారు 1979 మార్చి 8వ తేదీన పత్రికావిలేఖరుల యెదుట తమ నమూనాయంత్రమును పాడించి చూపిరి. ఆపిమ్మట టోక్యోలోని సోనీ సంస్థ వారితో కలిసెను. ఉభయపక్షముల ఇంజనీర్లు 1979-80 సంవత్సరములలో ఐండ్‌హోవెన్‌లో కొన్నిమారులు, టోక్యోలో కొన్నిమారులు కూర్చుండి, డిస్కు వ్యాసమెంత ఉండవలెను, నాదమును పదునాలుగు బిట్లలో కొలువవలెనా పదునారు బిట్లలోనా, గీతలు పడినచోట లోపించిన అంకెలను ఎట్లు పూరింపవలెను అను ప్రశ్నలపై దీర్ఘముగ వాదించుకొని, తుదకు ఒక నిబంధనగ్రంథమును సిద్ధము చేసిరి. అట్ట రంగును బట్టి దానికి 'రెడ్ బుక్' అని పేరు వచ్చెను. 120 మిల్లీమీటర్ల వ్యాసము, 16 బిట్ల కొలత, సెకనుకు 44,100 నమూనాలు అందులో స్థిరపడినవి. ఆ నిబంధనలను అనుసరించిన తొలి యంత్రము, సోనీవారి సీడీపీ-101, 1982 అక్టోబరు 1వ తేదీన జపానులో అమ్మకమునకు వచ్చెను. ఇవన్నియు చాల గ్రంథములలో చెప్పబడినవే. నాదపు కొలతలను గూర్చిన తగవులలో మునిగిన చరిత్రకారులు ఆ గ్రంథములోనే ఒక మూల ఉన్న మరియొక చిన్న నిర్ణయమును సాధారణముగ దాటిపోవుదురు. ప్రతి ముప్పదిమూడు బైట్లలో ఒక బైటును సంగీతమునకు గాక వేరు పనికి కేటాయించుటయే ఆ నిర్ణయము.

ఆ ముప్పదిమూడు లెక్కను కొంచెము నిదానముగ చూడవలెను. ఈ కథకంతకు మూలమదియే. కాంపాక్ట్ డిస్కుపై సమాచారము 'ఫ్రేములు' అను చిన్న చిన్న ఖండములుగ వ్రాయబడును. ఒక్కొక్క ఫ్రేములో ఎడమచెవికి ఆరు, కుడిచెవికి ఆరు నమూనాలు, అనగా ఇరువదినాలుగు బైట్ల సంగీతము ఉండును. దోషములను పసికట్టి సవరించుటకై మరి యెనిమిది బైట్లు వానికి చేర్చబడును. వీనికన్నింటికిని ముందు ఒంటరిగ నిలుచు బైటు ముప్పదిమూడవది. దానికే 'సబ్‌కోడ్' అని పేరు. ఈ బైట్లలో ఒక్కొక్కటి గుంటల భాషలోనికి మారునపుడు ఎనిమిది బిట్లు పదునాలుగు బిట్లగును, వానికి మూడు సంధిబిట్లు చేరును, ఫ్రేము మొదట ఒక ఆరంభచిహ్నము పడును. ఇట్లు ఒక ఫ్రేము 588 బిట్ల పొడవుతో డిస్కుపై నిలుచును. ఎనిమిదిని పదునాలుగు చేయు ఈ పద్ధతికి ప్రధానరూపకర్త ఫిలిప్స్ పరిశోధకుడగు కీస్ ఇమ్మింక్. సెకనుకు 7,350 ఫ్రేములు కిరణము క్రింద సాగిపోవును. తొంబదియెనిమిది ఫ్రేములు కలిసి ఒక సెక్టారు. సెకనుకు డెబ్బదియైదు సెక్టారులు.

సంగీతపు బైట్లు దోషనివారణకై దూరదూరముగ చెదరగొట్టి వ్రాయబడును గాన, ఒకచోట గీత పడినను పాట మొత్తము పోదు. సబ్‌కోడ్ బైటునకు ఆ రక్షణ లేదు. అది తానున్న చోటనే, ఉన్నదున్నట్లు వ్రాయబడును. తాళపత్రములలో పద్యము నడుమ సాగుచుండగా పత్రసంఖ్య అంచున నిలిచినట్లే, చదువువాడు ఎచ్చటనున్నాడో తత్క్షణమే తెలియజేయుటకు ఉద్దేశింపబడినదగుటచే, దానిని విప్పుటకు జాప్యము కూడదు. ఈ వేగమునకై విడిచిన రక్షణను పిమ్మటివారు మరియొక దారిన సంపాదింపవలసి వచ్చెను. ఆ సంగతి ముందు చెప్పెదను.

సబ్‌కోడ్ బైటులోని ఎనిమిది బిట్లకు ఇంగ్లీషు అక్షరమాలనుండి పి మొదలు డబ్ల్యు వరకు గల ఎనిమిది అక్షరములను పేర్లుగ పెట్టిరి. సెక్టారులోని తొంబదియెనిమిది ఫ్రేములలో మొదటి రెండింటి సబ్‌కోడ్ బైట్లు ఆరంభచిహ్నములుగ పోగా, మిగిలిన తొంబదియారు ఫ్రేములనుండి 'పి' బిట్లన్నియు కలిసి ఒక వరుస, 'క్యు' బిట్లన్నియు కలిసి ఒక వరుస, ఇట్లు ఎనిమిది వరుసలేర్పడును. 'పి' వరుస పని అత్యల్పము; పాట ఎచ్చట ఆరంభమగుచున్నదో తెలుపుట మాత్రమే. 'క్యు' వరుసయే యంత్రమునకు కన్నువంటి భాగము. డిస్కు ఆరంభమున, పాటలకు ముందుండు లోపలి వలయములో, ఏ పాట ఎన్ని నిమిషముల ఎన్ని సెకనుల వద్ద మొదలగునో తెలుపు విషయసూచిక ఈ వరుసలోనే పదేపదే వ్రాయబడియుండును. తరువాత పాట సాగుచున్నంతసేపు, ఇప్పుడు నడచుచున్నది ఎన్నవ పాట, అందులో ఎంత కాలము గడచెను, డిస్కు మొదటినుండి ఎంత కాలము గడచెను అను సంగతులు సెకనుకు డెబ్బదియైదు మారులు ఇదియే చెప్పుచుండును. యంత్రపు ముఖముపై మెరయు అంకెలన్నియు దీని దానమే.

ఇంతవరకు అంకెలే. డిస్కుపై మొట్టమొదట అక్షరములకు చోటు దొరకినది కూడ ఈ 'క్యు' వరుసలోనే. ప్రతి రికార్డింగునకు ప్రపంచమంతట ఒకే గుర్తింపుసంఖ్య ఉండవలెనని ఏర్పడిన ఐఎస్‌ఆర్‌సీ అను పన్నెండు స్థానముల సంకేతమును, నూరు సెక్టారులకు ఒకమారైనను వచ్చునట్లు, ఇందులో నిలుపు ఏర్పాటు చేసిరి. ఆ పన్నెండింటిలో మొదటి యైదు స్థానములలో అక్షరములుండవచ్చును. దేశమును సూచించు రెండక్షరములు ముందు వచ్చును, భారతదేశమునకు ఐ-ఎన్. ఒక్కొక్క అక్షరమునకు ఆరే బిట్లు. ఆరు బిట్లతో అరువదినాలుగు రూపములకు మించి గుర్తింపరాదు గాన, పది అంకెలు, ఇరువదియారు పెద్ద రోమను అక్షరములు పట్టినవి. రాయల్టీల లెక్కలకు ఉపకరించు ఈ సంకేతము శ్రోత కంట పడునది కాదు. ఐనను ధ్వనిఫలకముపై లిపి ప్రస్థానము ఇచ్చటనే ఆరంభమైనదని చెప్పవలెను.

ఇట్లు ఎనిమిదింటిలో రెండు బిట్లకు పని దొరకెను. ఆర్ నుండి డబ్ల్యు వరకు గల ఆరు బిట్లు ఖాళీగ మిగిలినవి. తొలినాటి డిస్కులలో వాని స్థానములన్నింటను సున్నలే ఉండును. ఖాళీయే కదాయని తేలికగ తీసివేయదగినది కాదది. ఒక సెక్టారునకు తొంబదియారు ఫ్రేములు, ఫ్రేముకు ఆరు బిట్లు, సెకనుకు డెబ్బదియైదు సెక్టారులు: గుణించి చూచిన సెకనుకు 43,200 బిట్లు. డెబ్బదినాలుగు నిమిషముల డిస్కుపై ఇది దాదాపు రెండుకోట్ల నలుబది లక్షల బైట్లగును. 1982 నాటి ఇంటి కంప్యూటర్లలో అరువదినాలుగు వేల బైట్ల స్మృతి గలది గొప్పదనిపించుకొనుచుండిన దినములలో, ప్రతి పాటలపళ్లెమునందును ఇంత జాగా ఎవరికిని పట్టకుండ తిరుగుచుండెనన్నమాట. భవిష్యత్తులో ఎవరికేమి అవసరమగునో తెలియని కాలమున, తెలియదను కారణముచేతనే చోటు విడిచిపెట్టిన ఆ ఇంజనీర్ల దూరదృష్టిని నేను మనసారా మెచ్చుకొందును.

ఆ జాగాను మొదట ఆక్రమించినది చిత్రము. సీడీ ప్లస్ గ్రాఫిక్స్, పొట్టిగ సీడీ ప్లస్ జీ, అను పద్ధతిలో ఆ ఆరు బిట్లను ఒక్కొక్క గుర్తుగ గ్రహించి, ఇరువదినాలుగు గుర్తులకు ఒక 'ప్యాక్' చొప్పున విడదీసిరి. సెక్టారునకు నాలుగు ప్యాకులు, సెకనుకు మూడువందలు. ఒక ప్యాకులో మొదటి గుర్తు ఇది చిత్రమునకు సంబంధించిన ఆజ్ఞయని చెప్పును. రెండవది ఆ ఆజ్ఞ యేదో చెప్పును. పదునారు గుర్తులు ఆజ్ఞకు కావలసిన సామగ్రి. తక్కిన ఆరును దోషనివారణకు. సబ్‌కోడ్ బైటునకు సంగీతముతోపాటు రక్షణ లేదని పైన చెప్పితిని గదా. ఆ కొరతను ఈ ఆరు గుర్తులును, ఒక ప్యాకులోని గుర్తులను ఎనిమిది ప్యాకులలోనికి చెదరగొట్టి వ్రాయు ఉపాయమును తీర్చినవి.

చిత్రపటము అడ్డముగ 300, నిలువుగ 216 చుక్కల వైశాల్యము గలది. దానిని ఆరు చుక్కల వెడల్పు, పన్నెండు చుక్కల ఎత్తు గల గడులుగ కోసిరి. అడ్డముగ ఏబది, నిలువుగ పదునెనిమిది గడులు. చుట్టును ఉన్న ఒక వరుస అంచు క్రింద పోగా కంటికి కనబడునవి నలుబదియెనిమిది, పదునారు. ఒక గడిని నింపు ఆజ్ఞను విప్పి చూచిన, ఆనాటివారి పొదుపు తెలియును. పదునారు గుర్తుల సామగ్రిలో మొదటిది గడి నేపథ్యపు రంగు, రెండవది గీతల రంగు, మూడవది ఎన్నవ వరుస, నాలుగవది ఎన్నవ నిలువు. మిగిలినవి పన్నెండు గుర్తులు. గడి ఎత్తు పన్నెండు చుక్కలు. ఒక్కొక్క గుర్తులో ఆరు బిట్లు. గడి వెడల్పు ఆరు చుక్కలు. బిట్టు సున్నయైనచో నేపథ్యము, ఒకటియైనచో గీత. ఒక్క బిట్టు వృథా పోకుండ గడి యాకృతియే ప్యాకు కొలతకు సరిపోవునట్లు మలచిరి. రంగులకును ఇదే పొందిక: 4,096 రంగులలోనుండి ఒకసారి పదునారింటిని ఏరుకొనవచ్చును; ఒక రంగునకు రెండు గుర్తులు చాలును; ఎనిమిది రంగులకు పదునారు గుర్తులు, అనగా ఒక ప్యాకు. రెండు ప్యాకులలో రంగులపెట్టె మొత్తము మారిపోవును.

మందగమనము దీని పెద్దలోపము. కనబడు గడులు 768. సెకనుకు 300 ప్యాకులు మించవు. కావున రెండేసి రంగులతో తెరను ఒకమారు నింపుటకే రెండున్నర సెకనులు దాటును. ఒక గడిలో మూడు నాలుగు రంగులు కావలసినచో అదే గడిపై మరల మరల ఆజ్ఞ లిచ్చుచు పోవలెను, కాలము ఆమేరకు పెరుగును. సంగీతము వేగముగ సాగిపోవుచుండ, బొమ్మ గడివెంట గడిగ అల్లుకొనుచు వచ్చును. చలనచిత్రమును చూపుట దీనికి అసాధ్యము.

లాస్ ఏంజెలిస్ నగరమునకు చెందిన ఫైర్‌సైన్ థియేటర్ అను హాస్యబృందము 1985లో వెలువరించిన 'ఈట్ ఆర్ బీ ఈటెన్' అను ఆల్బము ఈ పద్ధతిలో అంగడికి వచ్చిన తొలి డిస్కుగ ప్రసిద్ధికెక్కెను. ఆ దశకపు చివర వార్నర్ సంస్థ మరికొన్ని ఆల్బములను ఇట్లు వెలువరించెను. 1988 నాటి టాకింగ్ హెడ్స్ బృందపు 'నేకెడ్' వానిలోనిది. కాని దీనిని చూడగోరువారు ప్రత్యేకయంత్రమును కొని, దానిని టెలివిజనుకు తగిలించుకొనవలెను. పాట వినుటకు కూర్చున్నవాడు నెమ్మదిగ అల్లుకొను బొమ్మలకై అంత వ్యయప్రయాసలకు లోబడడు. సెగా సీడీ మొదలగు ఆటయంత్రములు, కొమొడోర్ సీడీటీవీ వంటి గృహయంత్రములు ఈ డిస్కులను పాడించి చూపగలిగినను, ఆల్బముల లోకమున ఈ పద్ధతి నిలువలేదు.

దానిని నిలబెట్టినది కారియోకే. కోబే నగరమున దైసుకె ఇనోవె అను వాద్యకారుడు 1971లో నాణెము వేసిన పాడు నేపథ్యవాద్యయంత్రమును సిద్ధము చేసినప్పటినుండి, జపానులోను, పిమ్మట తూర్పు ఆసియా అంతటను, గాయకుని గొంతు లేని వాద్యగోష్ఠికి తమ గొంతును జతచేసి పాడుకొను వేడుక వ్యాపించెను. పాడువానికి సాహిత్యము కనబడవలెను. ఎచ్చట ఎత్తుకొనవలెనో తెలియవలెను. లేజర్‌డిస్కులు ఆ పనిని వీడియో దృశ్యములతో అందముగ చేసినవి కాని వాని పళ్లెములు పెద్దవి, వెల హెచ్చు. సీడీ ప్లస్ జీకి మందగమనము లోపమని చెప్పితిని. కారియోకేలో ఆ లోపము లోపమే కాదు. నాలుగు పంక్తుల సాహిత్యము తెరపై ముందే వ్రాసియుంచి, పాట నడచుకొలది అక్షరముల రంగును మాత్రము మార్చుచు పోయిన చాలును.

రంగు మారు ఆ విధానము చూడముచ్చటైనది. నేపథ్యమునకు సున్న సంఖ్య గల రంగును, అక్షరములకు ఒకటవ రంగును వాడితిమనుకొందము. గడిని మరల వ్రాయుటకు బదులుగ, ఉన్న రంగుసంఖ్యతో మరియొక సంఖ్యను బిట్టునకు బిట్టు పోల్చి, భిన్నమైనచోట ఒకటిని, సమానమైనచోట సున్నను నిలుపు 'ఎక్స్-ఆర్' అను ఆజ్ఞ కలదు. అక్షరపు చుక్కలపై మాత్రము రెండు అను సంఖ్యను ఇట్లు ప్రయోగించిన, ఒకటి మూడగును. నేపథ్యము సున్నగనే మిగులును. మూడవ రంగు ఎరుపని పెట్టెలో ముందే పెట్టుకొనియుండిన, తెల్లని అక్షరము ఎరుపెక్కును. ఆరు చుక్కల వెడల్పున ఒక గడి, పిమ్మట మరియొక గడి, ఇట్లు తాళమునకు అనుగుణముగ ఎరుపు పంక్తిపై ప్రాకుచు పోవును. అదే ఆజ్ఞను తిరిగి ఇచ్చిన మూడు మరల ఒకటియై అక్షరము తెల్లబడును.

తెలుగు పాఠకుడు ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. ఈ పద్ధతికి అక్షరమనగా ఏమో తెలియదు. దానికి తెలిసినవి చుక్కలు మాత్రమే. జపాను కంజీయైనను, రోమనైనను, అరబ్బీయైనను, తెలుగైనను దానికి సమానమే. 'క్ష్మి' వంటి సంయుక్తాక్షరము ఆరు చుక్కల వెడల్పున ఇమిడదు, నిజమే. దానికి అడ్డముగ మూడు గడులు, వత్తులతో కలిపి నిలువున రెండు గడులు కావలెను. అనగా ఆరు ప్యాకులు, సెకనులో ఏబదవ వంతు కాలము. గుడి, కొమ్ము, వత్తు, అరసున్న వ్రాయదలచినవానిని వారించు నియమము రెడ్ బుక్కులో ఎచ్చటను లేదు. ఏ భాషవారు వచ్చి వ్రాసికొందురో తెలియక, ఉత్తచుక్కలను మాత్రమే ఇచ్చి ఊరకున్న పద్ధతిలో ఈ ఔదార్యమున్నది.

చిత్రము వచ్చిన పదునొకండేండ్లకు, 1996లో, సోనీ ప్రోత్సాహముతో సీడీ-టెక్స్ట్ వెలువడెను. దీని ఉద్దేశము వేరు. పాట పేరును బొమ్మగ గీయుట గాక, అక్షరములుగనే నిలిపి, యంత్రపు ముఖముపైనను, కారులోని చిన్న తెరపైనను చూపుట. ఇదియు ఆ ఆరు బిట్లనే వాడుకొనెను గాని, పాటలు సాగు ప్రదేశమున గాక, ముఖ్యముగ వానికి ముందుండు లోపలి వలయములో, 'క్యు' వరుస విషయసూచికను వల్లించుచుండు చోటనే, దాని ప్రక్కన ఆసీనమయ్యెను. యంత్రము డిస్కును అందుకొనగనే చదువునది ఆ వలయమే గనుక, ఒక్క పాటయైనను మొదలుకాకముందే పేర్లన్నియు స్మృతిలో చేరును.

ప్యాకు పరిమాణము పాతదే: ఇరువదినాలుగు గుర్తులు, గుర్తుకు ఆరు బిట్లు, మొత్తము 144 బిట్లు. కాని ఈసారి వానిని ఎనిమిదేసి చొప్పున పంచి పదునెనిమిది బైట్లుగ చేసిరి. మొదటి నాలుగు బైట్లు తలకట్టు: ఇది పేరా, గాయకుడా, రచయితయా, స్వరకర్తయా అను విషయము ఒకదానిలో, ఎన్నవ పాటకు చెందినదో ఒకదానిలో, ప్యాకు వరుససంఖ్య ఒకదానిలో, ఏ భాషాఖండమునకు చెందినదో, పదము నడుమ తెగిన ఎన్నవ అక్షరమునుండి కొనసాగుచున్నదో నాలుగవదానిలో. చివరి రెండు బైట్లు తప్పొప్పుల పరీక్షకు. నడుమనున్న పన్నెండు బైట్లే అక్షరములకు. ఒక ఖండములో 256 ప్యాకులు, ఒక డిస్కుపై ఎనిమిది ఖండములు ఉండవచ్చును. అనగా ఒకే డిస్కు తన పాటల పేర్లను ఎనిమిది భాషలలో చెప్పుకొనవచ్చును.

ఏ యెనిమిది భాషలు? యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్‌వారు అదివరకే ఏర్పరచియుంచిన భాషాసంఖ్యల పట్టికను సీడీ-టెక్స్ట్ స్వీకరించెను. అందు ఇంగ్లీషు 9, జపనీసు 105. యూరపులో ప్రధానముగ వాడుకలేని భాషలను రోమను అక్షరక్రమమున తుదినుండి మొదటికి పేర్చిరి గాన, థాయి తరువాత, తాతారునకును తమిళమునకును ముందు, 75వ సంఖ్యవద్ద తెలుగు ఉన్నది. మన భాషకు ఒక స్థానమున్నదని చూచి సంతోషించు లోపలనే, ప్రక్కనున్న రెండవ పట్టిక కంట పడును. అది లిపిసంకేతముల పట్టిక. అందు ప్రాథమిక రోమను అక్షరములకు ఆస్కీ. పశ్చిమయూరపు భాషలకు ఐఎస్ఓ 8859-1. జపనీసునకు రెండేసి బైట్ల సంకేతము. కొరియను, చీనా లిపులకు సంఖ్యలు విడిచిపెట్టిరి. తెలుగునకు లేదు, తమిళమునకు లేదు, దేవనాగరికిని లేదు. ఈ ఖండము తెలుగుభాషలోనిదని డిస్కు ప్రకటింపవచ్చును. ఆ తెలుగును తెలుగులిపిలో వ్రాయుటకు మాత్రము వీలులేదు. పశ్చిమయూరపు పట్టికలో అచ్చుపై దీర్ఘరేఖ గల రోమను అక్షరములు గాని, ణకార ళకారములను తెలుపు చుక్కల అక్షరములు గాని లేవు. పండితులు వాడు లిప్యంతరీకరణమునకు సైతము దారి లేదు.

లిపి క్లిష్టమైనది, చోటు చాలదు అను సమాధానము ఇచ్చట చెల్లదు. 'మాయాబజార్' అను పేరునే తీసికొందము. రోమను అక్షరములలో వాడుకగ వ్రాయునప్పుడు దానికి తొమ్మిది బైట్లు. భారతీయ ప్రమాణసంస్థ 1991లో ప్రకటించిన ఇస్కీ సంకేతములో మకారము, దీర్ఘము, యకారము, దీర్ఘము, బకారము, జకారము, దీర్ఘము, రకారము, పొల్లు: ఇవియు తొమ్మిది బైట్లే. పేరు ముగిసినదని తెలుపు సున్నతో కలిపి పది. పన్నెండు బైట్ల ప్యాకులో ఇంకను రెండు మిగులును. అదే 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోను తెలుగు ఉన్నది. రెండేసి బైట్ల యూనికోడ్‌లో వ్రాసిన ఆ పేరు పదునెనిమిది బైట్లు, రెండు ప్యాకులలో ఇమిడిపోవును. సీడీ-టెక్స్ట్ పుట్టునాటికి ఈ రెండు సంకేతములకును అయిదేండ్ల వయస్సు వచ్చియుండెను. లిపిపట్టికలో ఇంకొక సంఖ్యను చేర్చుటయే కావలసిన పని. సోనీవారు జపానువారు కావుటచేత తమ లిపికి రెండు బైట్ల మార్గమును మొదటినాడే వేసికొనిరి. వారి శ్రద్ధను తప్పుపట్టుటకు లేదు. కాని కోట్లకొలది శ్రోతలు గల భాషల లిపులు ఆ పట్టికలో లేకపోవుట నన్ను నేటికిని బాధించుచున్నది. ఘంటసాల కంఠమును సెకనుకు 44,100 మారులు కొలిచి భద్రపరచిన పళ్లెము, ఆయన పేరును ఆయన లిపిలో నిలుపుకొనలేకపోయెను.

సీడీ-టెక్స్ట్ జీవితము కూడ ఆశించినంత వెలుగునకు రాలేదు. డిస్కులను ముద్రించిన సంస్థలలో అనేకము దానిని నింపలేదు. చదువగల యంత్రములు కారులలో హెచ్చుగను, ఇండ్లలో తక్కువగను ఉండెను. కంప్యూటరులో డిస్కు పెట్టినవారికి 'ట్రాక్ 1', 'ట్రాక్ 2' అను పంక్తులే కనబడుచుండెను. కంప్యూటర్ల డ్రైవులు సెక్టారునకు 2,352 బైట్ల సంగీతమును తీసికొని, సబ్‌కోడ్‌లోని తొంబదియారు బైట్లను విడిచిపెట్టుట సర్వసాధారణము. కారియోకే డిస్కును అట్లు ప్రతితీసినచో పాట వచ్చును, సాహిత్యము రాదు. సబ్‌కోడ్‌ను కూడ అందించు డ్రైవులు దొరకిన పిమ్మట, ఆ ప్యాకులను యథాతథముగ వేరొక ఫైలులో పోసి, సంగీతమును ఎంపీ3గ మార్చి, రెండింటిని జంటగ నడుపు అలవాటు ఏర్పడెను. సెకనునకు 7,200 బైట్ల చొప్పున సాగు ఆ 'సీడీజీ' ఫైళ్లు, డిస్కు అవసరమే లేని కారియోకే ప్రోగ్రాములలో నేటికిని చెలామణిలో ఉన్నవి; 300 అడ్డము, 216 నిలువు కొలతలు, పదునారు రంగులు, ఆరు చుక్కల గడి మార్పు లేకుండ నిలిచినవి.

పేర్ల సమస్యకు పరిష్కారము డిస్కు వెలుపలనుండి వచ్చెను. టి కాన్ అను ప్రోగ్రాము రచయిత 1990ల దశకములో తన ఎక్స్‌ఎమ్‌సీడీ అను ప్రోగ్రాము కోసము ఆరంభించిన సీడీడీబీ అను సమాచారకోశము, 'క్యు' వరుసలోని విషయసూచికనే గుర్తింపుగ వాడుకొనెను. పాటలు మొదలగు వేళల సెకనులలోని అంకెలను కూడి తీసిన ఒక శేషము, డిస్కు మొత్తము నడచు సెకనులు, పాటల సంఖ్య: ఈ మూడింటిని పేర్చిన ఎనిమిది స్థానముల సంఖ్యను ఇంటర్నెట్టు ద్వారా పంపిన, ఆ డిస్కును అదివరకు ఎవరైనను చూచి పేర్లు టైపు చేసియుండినచో, అవి తిరిగి వచ్చును. రెండు వేర్వేరు డిస్కులకు ఒకే సంఖ్య తటస్థపడుటయు కలదు. శ్రోతలు స్వచ్ఛందముగ టైపు చేసిన ఆ రాశి తరువాత గ్రేస్‌నోట్ అను వాణిజ్యసంస్థ ఆస్తియయ్యెను. అందుకు ప్రతిగ ఫ్రీడీబీ, మ్యూజిక్‌బ్రెయిన్జ్ వంటి ఉచితకోశములు వెలసినవి. ఈ ఉచితకోశములు యూనికోడ్‌ను స్వీకరించుటచేత, ఆరు బిట్ల జాగాలో తెలుగులిపికి దొరకని ప్రవేశము, ఆ జాగాతో నిమిత్తమే లేకుండ, పాటలు మొదలగు వేళల లెక్కనుబట్టి దొరకెను. నేడు ఒక తెలుగు డిస్కు పేర్లను తెలుగులో చేర్చదలచిన శ్రోత మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో ఆ పని నిరాటంకముగ చేయవచ్చును.

సంగీతమునకై పుట్టిన ఈ పళ్లెమే గ్రంథములను, నిఘంటువులను, కంప్యూటరు ప్రోగ్రాములను మోయు సీడీ-రామ్‌గ మారుటకు కారణమైన 'ఎల్లో బుక్' వృత్తాంతమును రాబోవు భాగమున చెప్పుకొందము.